గట్టున పెట్టిన ఒట్లు

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఊఁ కొట్టు మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే నేనే చెబుతూ చెబుతూ నిద్రపోతాను. ఆ తర్వాత నా గురకే కథ అనుకుని నువ్వు వినాల్సి వస్తుంది.

ఆ ఊరి పేరు నాకు తెలుసు. కానీ చెప్పనని ఒకరికి మాటిచ్చాను. ఎందుకలా నవ్వుతావు? మీ అమ్మమ్మకి చెబితే వీధి చివర కొట్టుదాకా చెప్పినట్టేనని మీ తాతయ్య అంటారు, ఆ మాటకేనా? సరే, నిజమే అనుకో. అందుకే ఈ కథ నాకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఆ ఊరికీ ఏటికీ మధ్య పొడుగ్గా ఒక మట్టిగట్టు ఉండేది. దాన్ని కరకట్ట అనేవాళ్ళు. ఏరు పొంగితే నీళ్ళు ఊళ్ళోకి రాకుండా ఆ గట్టే అడ్డం నిలబడేది.

ఆ ఊరివాళ్ళకి ఒక వింత అలవాటు. ఒట్టు లేకుండా ఏ మాటా చెప్పుకునేవాళ్ళు కాదు. "ఇవాళ మా ఇంట్లో వంకాయ కూర. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అనేవాళ్ళు. ఒట్టు వేయించుకోకుండా ఏదైనా చెబితే, అదీ ఒక మాటేనా అన్నట్టు చూసేవాళ్ళు.

మరి అన్ని ఒట్లు ఎవరు మోస్తారమ్మా? అందుకని ఇంకో ఆచారం కూడా పెట్టుకున్నారు. ఒట్టు మోయలేకపోతే ఒక మట్టిపెళ్ళ తీసుకెళ్ళి కరకట్ట మీద పెట్టాలి. "నా ఒట్టు తీసి గట్టున పెట్టాను" అనాలి. అంతే, ఒట్టు దిగిపోయినట్టే. చిన్న ఒట్టుకి చిన్న పెళ్ళ, పెద్ద ఒట్టుకి పెద్ద పెళ్ళ. అది ఏ ఒట్టు అని పక్కవాళ్ళు అడగకూడదు. అడిగితే కళ్ళు పోతాయని భయం.

ఆ ఊళ్ళో పేరంటాలమ్మ అని ఒకావిడ ఉండేది. ఒక పెంకుటిల్లు, ఒక గేదె, ఒక నోరు. ఇదీ ఆవిడ ఆస్తి. మొగుడు పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. ఇంట్లో మాట్లాడ్డానికి గేదె తప్ప ఎవరూ లేరు.

గేదెకి అన్నీ చెప్పేది. కానీ అది "అలాగా?" అనేది కాదు. "అమ్మో, నిజమా!" అనేది కాదు. నెమరువేస్తూ గోడ వైపు చూసేది. అప్పుడు పేరంటాలమ్మ ఉసూరుమని లేచి వీధిలోకి వచ్చేది.

ఆవిడ వీధిలోకి వచ్చిందంటే ఎవరి గుట్టూ ఆగేది కాదు. కావాలని కాదు పాపం. ఆ నోట్లో మాట నిలిచేది కాదు, అంతే. ఆవిడ ఇంటి వెనకాల కరకట్ట మిగతా చోట్లకంటే మూరెడు ఎత్తుగా ఉండేది. అదంతా ఆవిడ పెట్టిన మట్టిపెళ్ళలే!

మొదట ఆవకాయ గొడవ వచ్చింది. ఆ ఊరి పెద్ద సర్వారాయుడు గారు. ఆయన భార్య సుభద్రాయమ్మ గారు. ఆవిడ ఆవకాయంటే ఊరంతా పడిచచ్చేది. ఒకనాడు బంతిభోజనంలో అందరూ వేళ్ళు నాకుతూ మెచ్చుకుంటున్నారు. అప్పుడు పేరంటాలమ్మ, "ఆ రుచంతా వాళ్ళక్క చేతిదేలెండి. ఏటా బండి మీద జాడీ దింపుతారుగా" అనేసింది. సుభద్రాయమ్మ గారి చేతిలో గరిటె జారి పక్కవాళ్ళ పెరుగన్నంలో పడింది.

ఆ తర్వాత నాటకం గొడవ. ఊళ్ళో దండోరా వేసే గురవయ్య భీముడి వేషం కట్టేవాడు. ఇంత మీసం, ఇంత గద. కానీ బల్లంటే వణుకు. ఆ సంగతి పేరంటాలమ్మ ఎవరి చెవిలోనో వేసింది. దుర్యోధనుడి తొడ విరగ్గొట్టే సమయానికి జనంలోంచి ఎవరో "బల్లి!" అని అరిచారు. భీముడు గద పారేసి దుర్యోధనుడి చంకెక్కాడు.

మూడోది పళ్ళ గొడవ. సర్వారాయుడు గారి ముందు పళ్ళు రెండూ ఆయనవి కావు. ఏనుగు దంతంతో చేయించి పెట్టించుకున్నవి. ఆ సంగతీ బయటపడింది. అప్పటినుంచీ ఆయన నవ్వితే చాలు, పిల్లలు వంగి వంగి తొండం కోసం వెతికేవాళ్ళు.

అప్పుడు సర్వారాయుడు గారికి ఒళ్ళు మండింది. పంచాయితీ పెట్టించారు.

"పేరంటాలూ! ఇంకొక్క గుట్టు నీ నోట్లోంచి బయటికి వచ్చిందో, నీ గేదెని తోలుకుని ఏరు దాటి పో. మళ్ళీ ఈ ఊళ్ళో అడుగు పెట్టకు" అన్నారు.

పేరంటాలమ్మ గుండె జారిపోయింది. ఏటి అవతలా ఊళ్ళున్నాయి, ఇళ్ళున్నాయి. కానీ ఎవరింట్లో ఏ కూరో తెలియని ఊళ్ళో ఎలా బతకడం? పొద్దున్నే లేచి ఎవరిని పలకరించడం? అక్కడ కూడా గేదెతోనేనా?

ఆ రోజునుంచీ బుగ్గలో కరక్కాయ పెట్టుకుని తిరగడం మొదలెట్టింది. మాట వచ్చినప్పుడల్లా కరక్కాయ కొరికేది. మొహం చేదుగా పెట్టేది. "పేరంటాలమ్మకి జబ్బు చేసింది కాబోలు" అని ఊళ్ళో జాలి కూడా పడ్డారు.

ఆ తర్వాత వానాకాలం వచ్చింది. ఎగువన వానలు కురిసి ఏరు నిండుగా పారుతోంది. ఒకరోజు పొద్దున్నే పేరంటాలమ్మ కొడవలి పట్టుకుని కరకట్ట కిందికి గడ్డికి వెళ్ళింది. కాలు బుసుక్కుమని దిగబడింది. ఇదేమిటా అని చూస్తే, గట్టులోంచి వేలెడు లావున నీళ్ళు కారుతున్నాయి.

ఎండ్రకాయలు బొరియలు చేసి చేసి గట్టుకి బుంగ పెట్టేశాయి.

ఆవిడ కొడవలి అక్కడే పారేసి సర్వారాయుడు గారింటికి పరిగెత్తింది. తీరా చూస్తే అక్కడ మామిడాకుల తోరణాలు, ముగ్గులు. ఆ రోజే వాళ్ళమ్మాయికి నిశ్చయ తాంబూలాలు. మగపెళ్ళివారు వచ్చే వేళయింది.

ఆయన్ని పక్కకి పిలిచి సంగతి చెప్పింది. సర్వారాయుడు గారి మొహంలో నెత్తురు లేదు. ఎందుకంటే మొన్న వేసవిలో ఆ గట్టు బాగుచేయించింది ఆయనే. "ఏనుగొచ్చి తోసినా కదలదు" అని కాబోయే వియ్యంకుడి దగ్గర మీసం తిప్పింది కూడా ఆయనే.

"చూడు పేరంటాలూ, ఇది గుట్టు. వాళ్ళు సాయంత్రానికి వెళ్ళిపోతారు. వెళ్ళగానే మనుషుల్ని పెట్టి పూడ్పిస్తాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పనని నీ గేదె మీద ఒట్టెయ్యి" అన్నారు.

"సాయంత్రందాకా ఆగుతుందా బాబూ?"

"గట్టు ఆగుతుంది. ఆగాల్సింది నీ నోరు!"

పేరంటాలమ్మ గేదె మీద ఒట్టేసింది. కరక్కాయ రెండో బుగ్గలో కూడా పెట్టుకుంది.

అప్పుడు మళ్ళీ గట్టు దగ్గరికి వెళ్ళింది. గడ్డి ఉండచుట్టి బుంగలో కూరింది. ఇంటికొచ్చి కూర్చుంది. కంచంలో అన్నం పెట్టుకుంది. ముద్ద దిగలేదు.

ఆ తర్వాత ఇంకోసారి వెళ్ళింది. గడ్డి ఎటో కొట్టుకుపోయింది. నీళ్ళు ముంజేతి లావయ్యాయి. ఇంట్లో కప్పుకునే బొంత తెచ్చి కుక్కింది. బొంత కాసేపు ఆలోచించి, తుమ్మితే ముక్కులోంచి ఊడినట్టు ఊడి పడింది.

మూడోసారి వెళ్ళేసరికి నీళ్ళు తొడ లావున దూకుతున్నాయి. పైగా ఎర్రగా వస్తున్నాయి. తేట నీళ్ళు వస్తే గట్టు చెమరుస్తోందని అర్థం. ఎర్ర నీళ్ళు వస్తే లోపల గట్టే కరిగిపోతోందని అర్థం. ఏటి ఒడ్డున పుట్టినవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

పేరంటాలమ్మ సర్వారాయుడు గారింటికి మళ్ళీ పరిగెత్తింది. అరుగు మీద మగపెళ్ళివారు బూరెలు తింటున్నారు. ఆవిడ గుమ్మంలో కనబడగానే ఆయన దూరంనుంచే నోటి మీద వేలు పెట్టుకున్నారు. ఆ వేలే ఆ తర్వాత వీధి వైపు తిరిగింది. వెళ్ళు అని.

ఆవిడ వీధిలో నిలబడి ఏడుపు మొహం పెట్టింది. చెబితే ఊళ్ళోంచి తను పోతుంది. చెప్పకపోతే ఊరే పోతుంది.

"చెప్పను, చెప్పకుండానే ఎవరికైనా తెలిసేలా చేస్తాను" అనుకుంది.

మొదట క్షవరం చేసే కనకయ్య దగ్గరికి వెళ్ళింది. కనకయ్య కత్తులూ, అద్దం, పెట్టె మూటగట్టి నిచ్చెనేసుకుని అటకెక్కిస్తున్నాడు.

"ఏరా కనకయ్యా, ఏట్లో నీళ్ళు ఎలా ఉన్నాయంటావు?" అంది.

కనకయ్య నిచ్చెన మీంచి పడబోయాడు. "నాకేం తెలీదత్తా! నేను ఒట్టేశాను!"

"దేనికిరా ఒట్టు?"

"నాకు తెలియనిదానికి!"

ఆ తర్వాత పాలమ్మే అచ్చియ్యమ్మ ఇంటికి వెళ్ళింది. అచ్చియ్యమ్మ కోళ్ళ గంప తీసుకెళ్ళి ఇంటికప్పు మీద పెడుతోంది. కోళ్ళు ఎప్పుడూ ఊరిని అంత ఎత్తునుంచి చూడలేదేమో, నోరు తెరిచి చూస్తున్నాయి.

"ఏమే, కోళ్ళు ఇల్లెక్కాయేం?"

"గాలికి వదినా."

"గుమ్మం ముందు ఆ మట్టిదిబ్బేమిటే?"

"అదీ గాలికే వదినా!"

మూడోవాడు గురవయ్య. దండోరా వేసే డప్పు నెత్తిన పెట్టుకుని చింతచెట్టు ఎక్కుతున్నాడు. పేరంటాలమ్మ కింద నిలబడి ఏమీ అడక్కుండా పైకి చూసింది. వాడు ఏమీ చెప్పకుండా కిందికి చూశాడు.

"ఇక్కడ బల్లులుంటాయేమో చూసుకోరా" అంది చివరికి.

"ఉన్నా పర్లేదు పెద్దమ్మా. ఇవాళ బల్లే నయం" అన్నాడు గురవయ్య.

అప్పుడు పేరంటాలమ్మకి తెలిసొచ్చింది. ఊళ్ళో అందరికీ తెలుసు! ప్రతివాడూ ఎవరికో ఒకరికి ఒట్టేశాడు. ఇప్పుడు గట్టు వైపు వెళితే తెలిసినట్టు బయటపడిపోతుంది, ఒట్టు తప్పినట్టవుతుంది. అందుకని తట్ట పట్టుకుని ఒక్కడూ కదలడంలేదు. అంతమందీ కలిసి చక్కగా గుట్టు దాస్తున్నారు. అలా దాస్తూ దాస్తూ చక్కగా మునిగిపోయేలా ఉన్నారు.

ఇవాళ ఎవరు ముందు గట్టెక్కితే వాళ్ళే గుట్టు బయటపెట్టారని సర్వారాయుడు గారు పట్టుకుంటారు. ఆ సంగతి పేరంటాలమ్మకీ తెలుసు. ఇంటికెళ్ళి గేదె మెడ నిమిరింది.

"రేపు మనిద్దరం ఏరు దాటాలేమోనే తల్లీ" అంది.

గేదె గోడ వైపు చూసింది.

అప్పుడు పేరంటాలమ్మ బుగ్గల్లో కరక్కాయలు రెండూ తీసి అవతల పారేసింది. పెరట్లో ఉన్న పెద్ద తట్ట తీసుకుంది. దాన్నిండా బంకమట్టి ఎత్తుకుంది. చంకలో ఒక గడ్డిమోపు ఇరికించుకుంది. వీధి మధ్యకి వచ్చి గొంతెత్తి అరిచింది.

"నా ఒట్టు నేను మోయలేకపోతున్నానర్రా! గట్టున పెట్టేసి వస్తున్నా!"

తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"అంత పెద్ద తట్టా వదినా?" అంది అచ్చియ్యమ్మ.

"ఒట్టు అంత పెద్దది మరి!"

అచ్చియ్యమ్మ అటూ ఇటూ చూసింది. "అయితే… నాకూ ఒకటుంది" అంది. గుమ్మం ముందు మట్టిదిబ్బలోంచి తట్టనిండా ఎత్తుకుంది. కనకయ్య నిచ్చెన దిగాడు. "నాకూ ఒక చిన్నది ఉందత్తా" అంటూ బండి కట్టాడు. చిన్న ఒట్టుకి బండెడు మట్టేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే కళ్ళు పోవూ? గురవయ్య చెట్టు దిగి రెండు కావిళ్ళు ఎత్తాడు.

ఆ తర్వాత ఊరంతా కదిలింది. ముసలివాళ్ళు, పడుచువాళ్ళు, చంటిపిల్లల తల్లులు, అందరి నెత్తిమీదా తట్టలే. పోయేవాళ్ళు పోతున్నారు, వచ్చేవాళ్ళు వస్తున్నారు. బుంగ అన్న మాట మాత్రం ఒక్క నోటా రాలేదు.

పేరంటాలమ్మ గట్టెక్కి ఏటివైపు చూసింది. ఒకచోట నీళ్ళు సుడి తిరుగుతూ లోపలికి పోతున్నాయి. అక్కడ గడ్డిమోపు దింపి, దాని మీద తట్ట బోర్లించింది.

"నా ఒట్టు తీసి గట్టున పెట్టాను!" అంది.

"ఎక్కడ పెట్టమంటావు వదినా?" అంది అచ్చియ్యమ్మ.

"ఎక్కడైనా పెట్టుకో. నాకైతే ఇక్కడ బాగుంటుందనిపించింది."

"నాకూ అలాగే అనిపిస్తోంది!"

అందరికీ అలాగే అనిపించింది. తట్ట మీద తట్ట, బండి మీద బండి అక్కడే పడ్డాయి. కుర్రాళ్ళు ఎగిరెగిరి తొక్కారు. "ఒట్టు గట్టిగా పెట్టాలి కదండీ, ఊరికే జారిపోతుంది" అన్నాడు కనకయ్య ఆయాసపడుతూ.

ఆ సందడి అరుగు మీదికి వినబడింది. వియ్యంకుడు కాబోయే పెద్దాయన బూరె వదిలేసి లేచి వచ్చాడు. వెనకాలే సర్వారాయుడు గారు పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"ఏమిటి బావగారూ ఇది?" అన్నాడు పెద్దాయన.

సర్వారాయుడు గారు ఎగ్గట్టిన పంచె గబగబా దించుకున్నారు. "ఆఁ… అది మా ఊరి ఆచారం బావగారూ. మనసులో మోయలేని ఒట్లు ఉంటే ఇలా దింపుకుంటారు."

"ఊరందరికీ ఒకే రోజా?"

"మంచి రోజు కదా!"

"ఎంత మంచి ఆచారమండీ! నాకూ ఒకటుంది" అని ఆ పెద్దాయన పట్టు కండువా తలకి చుట్టి, అన్నిటికంటే పెద్ద తట్ట ఎత్తుకున్నాడు. సర్వారాయుడు గారి నోరు తెరుచుకుంది. పెళ్ళికొడుకు గురించి ఏం దాస్తున్నాడో! కానీ అడగడానికి లేదు. కళ్ళు పోతాయి కదా! ఆయనా ఒక తట్ట అందుకుని మోయక తప్పలేదు.

కాసేపటికి ఊరివైపు ఎర్రనీళ్ళు సన్నబడ్డాయి. ఆ తర్వాత చుక్కలయ్యాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. జనం అంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. ఎందుకు వదిలారో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం మగపెళ్ళివారు తాంబూలాలు పుచ్చుకుని సంతోషంగా బండెక్కారు. బండి మలుపు తిరిగిందో లేదో, సర్వారాయుడు గారు మొహం మార్చారు. ఊరందర్నీ గట్టు కిందికి పిలిపించారు.

"పేరంటాలూ! చెప్పొద్దన్నానా? ఒట్టు వేయించుకున్నానా? అయినా ఊరంతా టాంటాం చేశావు. గేదె పలుపు విప్పుకో!"

"నేను చెప్పలేదు బాబూ" అంది పేరంటాలమ్మ.

జనం ఘొల్లున నవ్వారు.

పేరంటాలమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నవ్వకండర్రా! పుట్టి బుద్ధెరిగాక ఒకే ఒక్క గుట్టు కడుపులో పెట్టుకున్నాను. కూడు దిగలేదు, కాలు నిలవలేదు. ఊళ్ళోంచి పొమ్మంటే పోతాను. కానీ చెప్పానని మాత్రం అనకండి. చెప్పలేదు!"

అప్పుడు నవ్వులు ఆగిపోయాయి. గురవయ్య మీసం గోక్కున్నాడు.

"బాబూ, మా ఒట్లన్నీ గట్టున పెట్టేశాం కదా, ఇప్పుడు నోరు విప్పొచ్చా?" అని అడిగాడు. "నాకు పెద్దమ్మ చెప్పలేదండి. కనకయ్య చెప్పాడు."

"నాకు అచ్చియ్యమ్మ చెప్పిందండి" అన్నాడు కనకయ్య.

"నేను పొద్దున్న తమరింట్లో పాలు పోయడానికొస్తే అమ్మగారు చెప్పారండి" అంది అచ్చియ్యమ్మ.

జనం అంతా సుభద్రాయమ్మ గారి వైపు తిరిగారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకెవరే చెప్పింది?" అని గర్జించారు సర్వారాయుడు గారు.

"మీరే కదండీ!"

"నేనా? నేనెప్పుడు? నిద్దట్లో ఏమైనా కలవరించానేమో…"

"నిద్దరేమిటండీ, పేరంటాలు ఇలా వెళ్ళిందో లేదో, పంచె కుచ్చిళ్ళు పోసుకుంటూ మీరే చెప్పారు. నా చేత ఒట్టు కూడా వేయించుకున్నారు!"

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోలేక కనకయ్య మాత్రం పక్కకి వెళ్ళి బండి ఎద్దుని కావలించుకున్నాడు.

సర్వారాయుడు గారు వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టబోయి, మళ్ళీ ఆగారు.

"నీ గేదె ఈ ఊళ్ళోనే ఉంటుంది పేరంటాలూ."

"గేదె ఒక్కటేనా బాబూ, నేనూనా?"

"నువ్వూనూ తల్లీ" అన్నారాయన.

అప్పుడు పేరంటాలమ్మ కళ్ళు తుడుచుకుని ఇంటికి బయల్దేరింది. కానీ ఇంటికి చేరడానికి చాలాసేపు పట్టింది. దారిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, తను నోరు ఎలా కట్టుకుందో, కడుపు ఎలా ఉబ్బిందో మొదటినుంచీ చెప్పింది. మర్నాడు పక్కూరి సంతకి వెళ్ళి చెప్పింది. ఆ తర్వాత పడవెక్కి ఏటి అవతలికి కూడా వెళ్ళి చెప్పొచ్చింది. చివరికి, పేరంటాలమ్మ ఒక్క గుట్టు దాచిందన్న సంగతి తెలియని మనిషి ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఒక్కడు కూడా మిగల్లేదు.

కథ వెళ్ళేది కంచి దాకా,
ఏరు వచ్చేది గట్టు దాకా,
మనం దొర్లేది పక్క దాకా,
నిద్దరోయేది తెల్లారేదాకా!